అమ్మకు నేను చదివిన కార్డు

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాం. చాట నా ముందు, గిన్నె అమ్మ ముందు. కాయ కొన గిల్లి, ఈనె లాగి, రెండు ముక్కలు చేసి గిన్నెలో వేయాలి. నేను పది కాయలు తీసేసరికి అమ్మ మూడు తీస్తోంది. ఆమె కళ్లు కాయల మీద లేవు. కాయలు చుట్టి తెచ్చిన పేపరు ముక్కను మోకాలి పక్కన పరుచుకుని, వేలు పెట్టి చదువుతోంది.

"రై... తు... ల... కు. రైతులకు." ఆగింది. "మ... ద... తు. మదతు. మదతు అంటె ఏంది గ్రేసూ?"

"మదతు కాదు. మద్దతు."

"మరి గీ 'ద' కింద వేలాడేదేంది?"

"అది ఒత్తు. తర్వాత చెప్త అన్న గదా."

"ఎప్పుడు తర్వాత? బతుకమ్మ పండుగప్పుడు అడిగితె తర్వాత అంటివి. క్రిస్మస్‌కు అడిగితె తర్వాత అంటివి. ఇయ్యాల్టితోని ఏడాదే ఒడుస్తాంది. ఇంకేం తర్వాత మిగిలింది?"

ఒక పుచ్చిన కాయ దొరికితే విసురుగా బయటికి పారేశాను. అమ్మ ఆ పేపరును నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. ఈ మధ్య ఆమె ఏ కాగితాన్నీ పారేయనివ్వడం లేదు. సబ్బు మీది కాగితం, మందుల చీటీ, పెండ్లి పత్రిక, అన్నీ దాచుకుంటోంది.

మాది వరంగల్‌లో కరీమాబాద్. అంతకుముందు కేసముద్రం దగ్గర చిన్న ఊరు. నేను పదో తరగతి దాకా ఆ ఊరి బడిలోనే చదువుకున్నాను. బాపుకు మార్కెట్లో హమాలీ పని దొరికాక ఇక్కడికి వచ్చాం. ఇప్పుడు నేను హన్మకొండ బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాను. ములుగు వైపు నుంచి బస్సు దిగినవాళ్లు చేతిలో కాగితాలు పట్టుకుని మా షాపుకే వస్తారు. దరఖాస్తులు నింపడం, ఆఫీసు నుంచి వచ్చిన నోటీసులో ఏముందో చదివి చెప్పడం నా పని. ఉన్నది ఉన్నట్టే చెబుతాను. భూమి మీ పేరు మీద లేదని రాసి ఉంటే లేదనే చెబుతాను, ఎదుటి మనిషి మొహం మాడిపోతున్నా సరే. అలాంటిదాన్ని ఒక్కసారి, ఒక్క కాగితం తప్పు చదివాను. అది అమ్మ కాగితమే.

మా చర్చిలో కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున ఆరాధన అయ్యాక వాగ్దానపు కార్డులు ఇస్తారు. అరచేయంత కార్డు. ఒక పక్క పూలో, కొండో, గొర్రెపిల్లో. రెండో పక్క ఒక వాక్యం. అన్నిటినీ పళ్లెంలో బోర్లించి పెడతారు. కళ్లు మూసుకుని, ప్రార్థన చేసుకుని, ఒకటి తీసుకోవాలి. ఎవరికి ఏది వస్తే ఆ ఏడాదంతటికీ దేవుడు వాళ్లకిచ్చిన మాట అదే. మార్చుకోకూడదు. నచ్చలేదని రెండోది తీయకూడదు. చదువు వచ్చినవాళ్లు గడప దాటక ముందే చదివేసుకుంటారు. రానివాళ్లు బయట నల్లా దగ్గర నిలబడి పిల్లల చేత చదివించుకుంటారు.

పోయిన ఏడాది డిసెంబరులో, క్రిస్మస్ నాలుగు రోజులుందనగా, బాపు లారీ మీద మిర్చి బస్తాలు పేరుస్తూ వెనక్కి పడ్డాడు. నడుము కింద స్పర్శ పోయింది. జనవరి ఒకటిన అమ్మ దవాఖాన నుంచి నేరుగా చర్చికి వచ్చింది. మూడు రోజులుగా మార్చని చీర. కార్డు తీసుకుంది. నల్లా దగ్గర నా చేతిలో పెట్టి, "చదువు బిడ్డా, ఏమన్నడో" అంది.

కార్డు మీద నాలుగు లైన్లున్నాయి. శ్రమ వస్తుందని, ఓర్చుకొమ్మని, ఆ శ్రమలో నిన్ను ఒంటరిగా విడిచిపెట్టనని వాటి అర్థం. బాపు గురించి వాటిలో ఏమీ లేదు. నేను తలెత్తి అమ్మ మొహం చూశాను. ఆ మొహానికి ఓర్చుకొమ్మని ఎలా చెప్పాలో తెలియలేదు.

"పడుకున్నోన్ని లేపి నడిపిస్త అంటాండమ్మా" అన్నాను.

అమ్మ కార్డును కళ్లకద్దుకుంది. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చింది. అందరూ చుట్టూ చేరి స్తోత్రం చెప్పారు. నేను కూడా చెప్పాను.

పది రోజులకు బాపును ఇంటికి పంపారు. నర్సు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, వీపు చూస్తూ ఉండాలి, ఎర్రబడితే వెంటనే తీసుకురావాలి, గాలి పరుపు వేయాలి. అమ్మ ఆ మాటలేవీ చెవిన పెట్టలేదు. "లేచేటోనికి గవన్ని ఎందుకు సిస్టరమ్మా?" అంది. ఇంటికొచ్చాక రోజూ పొద్దున బాపు చంకల కింద చేతులు పెట్టి లేపేది. "జర లెవ్వయ్యా. మాట వచ్చింది గదా, లెవ్వు" అనేది. బాపు కిటికీ ఊచలు పట్టుకునేవాడు. చేతులు వణికేవి. కాళ్లు నేల మీద గుడ్డపీలికల్లా పడి ఉండేవి. నేను ఇంట్లో ఉన్నంతసేపు పక్కకు తిప్పేదాన్ని. షాపుకు పోయాక తిప్పేవాళ్లు లేరు. ఫిబ్రవరిలో పుండ్లు పడ్డాయి. మార్చిలో జ్వరం వచ్చింది, తగ్గలేదు.

సరిగ్గా చూసుకుంటే బతికేవాడా? నాకు తెలియదు. డాక్టరును అడిగే ధైర్యం చేయలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక అమ్మ చర్చి మొహం చూడలేదు. మా చర్చి పాస్టరు జాన్సన్ అయ్యగారు రెండుసార్లు ఇంటికి వచ్చాడు. "మాట తప్పినోని ఇంటికి నేను రానయ్యగారూ" అని చెప్పేసింది. ఆయన ఆమెకు దుఃఖంలో మతి స్థిమితం లేదనుకున్నాడు. నేను పక్కనే గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. మాట తప్పింది దేవుడు కాదు, అసలు ఆ మాట దేవుడిది కాదు అని చెప్పడానికి నాకు పది నెలలు సరిపోలేదు. ప్రతి ఆదివారం చెబుదామనుకునేదాన్ని. ప్రతి ఆదివారం ఏదో ఒకటి అడ్డం వచ్చేది. నీళ్లు వచ్చేవి, ఎవరో చుట్టాలు వచ్చేవాళ్లు, అమ్మకు తలనొప్పి. ఏదీ రాకపోతే నేనే బట్టల బకెట్ తీసుకుని బయటికి పోయేదాన్ని.

ఆగస్టులో పింఛను కాగితాల కోసం ఆఫీసుకు పోయాం. అక్కడొకాయన తలెత్తకుండానే ఇంకు డబ్బా ముందుకు తోసి, "వేలు పెట్టవ్వా" అన్నాడు. అమ్మ వేలు పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ వేలిని కొంగుతో తుడుస్తూనే ఉంది. దిగగానే ఒక పలక కొన్నది.

"నాకు అక్షరాలు నేర్పు" అంది.

నిజం చెప్పాలంటే ఆ ఏడాదిలో నాకు సంతోషమనిపించిన రోజు అదొక్కటే. యాభై ఏళ్ల మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని, నాలుక బయటపెట్టి, 'అ' దిద్దింది. వారం రోజుల్లో తన పేరు రాసింది. ఏసమ్మ అని రాయించడానికి 'మ' కింద ఒత్తు కూడా పెట్టించాను. కానీ దాన్ని బొమ్మలా చూసి దించిందే తప్ప, అదేమిటో నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, అప్పటికే నేను చూడకూడనిది చూశాను. రేషన్ కార్డు, ఆధార్ ఉండే ప్లాస్టిక్ కవరులో బాపు ఫొటో వెనక ఆ వాగ్దానపు కార్డు ఉంటుంది. ఒక రోజు నేను షాపు నుంచి వచ్చేసరికి అమ్మ దాన్ని వెలుతురులో పట్టుకుని, తనకు తెలిసిన అక్షరాల మీద ఒక్కొక్కటిగా వేలు పెడుతోంది. ఇది ర, ఇది మ, ఇది న.

ఆ రోజు నుంచి నేను నేర్పడం నెమ్మది చేశాను. గుణింతాలకే రెండు నెలలు పట్టించాను. వచ్చినవే మళ్లీ దిద్దించాను. ఆ కార్డులో తొమ్మిది ఒత్తులున్నాయి. అమ్మ పనికి పోయినప్పుడు తీసి లెక్కపెట్టాను. కాబట్టి ఒత్తుల దగ్గర ఆపేశాను. చింపేయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. బాపు ఫొటోకు అంటుకుని వచ్చింది. మళ్లీ అలాగే పెట్టేశాను.

ఇంత సిగ్గుమాలిన పని చేస్తూ కూడా నా కోపమంతా అమ్మ మీదికే పోయేది. ఎందుకంత మంకుపట్టు? ఈ వయసులో చదివి ఎవరిని ఉద్ధరించాలి? అక్షరం తప్పితే కసిరేదాన్ని. తప్పకపోతే ఇంకా ఎక్కువ కసిరేదాన్ని.

ఆమె మాత్రం మారిపోతోంది. మార్చి నుంచి ఇంట్లో రాయిలా కూర్చున్న మనిషి, షాపుల బోర్డులు చదువుకుంటూ నడవడం మొదలుపెట్టింది. ఆమె ఒక ప్రైవేటు బడిలో గదులు ఊడుస్తుంది. అక్కడి పద్మలత టీచర్ దగ్గర ఒక బొమ్మల పుస్తకం తెచ్చుకుంది. కాలువ దాటాలని బయల్దేరిన తాబేలు కథ. పన్నెండే పేజీలు. మూడు వారాలు చదివింది. తాబేలు సగం దూరం పోయి, ఇంట్లో దీపం ఆర్పలేదని గుర్తొచ్చి వెనక్కి తిరిగే చోట అమ్మ నవ్వింది. బాపు పోయాక ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. వెంటనే విసుగూ వచ్చింది. ఇంకో నాలుగు పుస్తకాలు చదివితే ఈమెను ఆపడం నా వల్ల కాదు.

ఇదీ ఆ ఏడాది. చివరి రోజున ఎలాగైనా చెప్పేయాలని చిక్కుడుకాయల ముందు కూర్చున్నాను. ఒత్తుల దగ్గరే మాట తెగిపోయింది.

"ఏందే ఏసమ్మా, పేపర్ల నీ ఫొటో పడ్డదా? గంత మురిపెంగ జాకిట్ల దాసుకుంటానవ్?"

పక్కింటి భద్రమ్మ అత్త. గిన్నె పట్టుకుని గడపలో నిలబడింది, పెరుగు తోడు కోసం.

"పడ్డది" అంది అమ్మ. "మా కట్టయ్య బావ తాగి మురికి మోర్ల పడ్డ ఫొటో పక్కనే పడ్డది. సదివి ఇనిపియ్యాల్నా?"

"అయ్యో, వద్దు తల్లీ! నా మొగన్ని మోర్లకెళ్లి తీసుడే కష్టమైతాంది, పేపర్లకెళ్లి ఏడ తీద్దు?" భద్రమ్మ అత్త పకపక నవ్వింది. "అయినా నువ్వు మస్తు హుషారైనవే. రేపు మీ పండుగనాడు నువ్వే మైకు పట్టుకోని సదువుతవేమో."

"నేను పోను."

"గదే మాట. ఏడాది కావస్తాంది. దేవునితోని గంత పంచాయితేంది?"

నేను లేచి తోడు వేసిచ్చాను. భద్రమ్మ అత్త నా వైపు కళ్లెగరేసి, 'ఏమైంది' అన్నట్టు చూసి వెళ్లిపోయింది. ఇప్పుడు చెబుదామని చాట పక్కకు జరిపానో లేదో, బయట మళ్లీ పిలుపు.

"ఏసమ్మా, వందనాలు."

ఈసారి అమ్మగారు, జాన్సన్ అయ్యగారి భార్య. చేతిలో కేకు పొట్లం. నేను కుర్చీ వేశాను. ఆమె కూర్చుని, అమ్మ కాళ్ల దగ్గరున్న పలకను చూసింది.

"ఎంత సంతోషంగా ఉందో ఏసమ్మా నిన్నిట్లా చూస్తే. రేపు తొమ్మిదికి ఆరాధన. ఈసారి నీ కార్డు నువ్వే చదువుకోవచ్చు. నల్లా దగ్గర ఎవరి కోసమూ ఆగే పని లేదు."

"నాకు కార్డు వద్దమ్మగారూ. పోయినసారి ఇచ్చింది చాలు."

"అట్లా అనకూడదు."

"ఎట్లనాలె మరి? మాట ఇస్తే నిలబెట్టుకోవాలె. లేకుంటె ఊకోవాలె. ఆయన్ని నేను అడిగిన్నా, చెప్పుమని?"

అమ్మగారు కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది. "అసలు నీకు ఏం మాట వచ్చింది?"

అమ్మ ఒక కాయ తీసుకుంది. ఈనె లాగింది. విరిచి గిన్నెలో వేసింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"గ్రేసూ, చెప్పు. నీకు మంచిగ యాదికుంటది. ఏమని ఉండె?"

అమ్మగారు కూడా నన్నే చూస్తోంది. ఒక్క మాట. ఇప్పుడు చెబితే అమ్మ రేపు చర్చికి పోతుంది. ఇప్పుడు చెబితే అమ్మగారి ముందే, మొత్తం సంఘం ముందే, నేను...

"పడుకున్నోన్ని లేపి నడిపిస్త అని" అన్నాను.

అమ్మగారు నొసలు ముడిచింది. "అట్లాంటి వాక్యమా? కార్డులకు వాక్యాలు ఎంచి ప్రింట్‌కు ఇచ్చింది నేనే. నాకు గుర్తు రావడం లేదే..." మమ్మల్నిద్దర్నీ చూసి, "ఉండే ఉంటుందిలే. నూట యాభై కార్డులు. అన్నీ ఎక్కడ గుర్తుంటాయి" అంది.

"ఉండె అంటాంది గదా అమ్మగారూ" అంది అమ్మ. "సదువుకున్న పిల్ల. అబద్ధం ఎందుకు చెప్తది?"

అమ్మగారు ప్రార్థన చేసి వెళ్లిపోయింది. ఆ ప్రార్థనలో నా పేరు కూడా ఉంది, తల్లిని ఆదుకుంటున్న మంచి కూతురిగా. ఆమేన్ అనడానికి నాకు నోరు రాలేదు.

సాయంత్రం అమ్మ పలక తెచ్చి నా ముందు పెట్టింది. "ఇయ్యాల ఒత్తులు చెప్పు."

"ఇయ్యాల వద్దు."

"ఇయ్యాలనే కావాలె. ఒక్కటి చెప్పు చాలు."

"నీకు రావు!" అని అరిచాను. "మామూలు అక్షరాలే తప్పులు చదువుతానవ్. ఒత్తులు నీకు ఇప్పట్ల రావు. నా పానం తీయకు."

అరిచాక నాకే నా గొంతు వినబడింది, షాపులో మా ఓనరు ముసలివాళ్లను కసిరినట్టు. అమ్మ నన్ను కాసేపు చూసింది. కోపంగా కాదు. కొలిచినట్టు చూసింది.

"రావా? సరే" అంది. పలకను తడిగుడ్డతో తుడిచి గోడకు ఆనించింది.

మర్నాడు పొద్దున ఎనిమిదికే చర్చి మైకులో పాటలు మొదలయ్యాయి. గల్లీలో పిల్లలు కొత్త బట్టలేసుకుని అటూ ఇటూ పరుగెడుతున్నారు. 'హ్యాపీ న్యూ ఇయర్' అని సున్నంతో రోడ్డు మీద ఎవరో రాశారు, దాని మీదుగా అప్పుడే ఒక ఆటో పోయింది. నాకు ఆ పాటలు, ఆ కేకలు, అన్నీ తలనొప్పిగా ఉన్నాయి. నేను టీ తీసుకుని లోపలికి వచ్చేసరికి అమ్మ స్నానం చేసి, అద్దం ముందు కూర్చుని తల దువ్వుకుంటోంది. బాపు పోయాక కట్టని నీలం చీర కట్టుకుంది.

చర్చికి పోతుందా? అడగబోయి ఆగాను. ఇంకొక్క నిమిషం ఆగితే మళ్లీ చెప్పలేనని తెలిసింది. టీ గ్లాసు కింద పెట్టాను.

"అమ్మా, నీకొకటి చెప్పాలె."

"చెప్పు."

"గా కార్డు..."

"ఏ కార్డు?"

ఏ కార్డో ఆమెకు తెలుసు. అయినా అడిగింది. నేను మొత్తం చెప్పాల్సి వచ్చింది. దవాఖాన నుంచి ఆమె వచ్చిన తీరు, నల్లా దగ్గర నిలబడటం, కార్డులో ఉన్న మాట, నేను చదివిన మాట. ఒత్తులు ఎందుకు నేర్పలేదో కూడా. చెబుతున్నంతసేపూ అమ్మ దువ్వుకుంటూనే ఉంది. చిక్కు తగిలిన చోట ఆగి, వేళ్లతో విడదీసి, మళ్లీ దువ్వింది.

"అయిపోయిందా?" అంది.

"ఆఁ."

"దసరా సెలవులు ఒడువంగనే చదివిన."

నాకు అర్థం కాలేదు.

"పద్మలత టీచర్‌ను అడిగిన ఒత్తులు చెప్పుమని. ఒకటో తరగతి గోడకు చార్టు ఉన్నది. ఊడ్సుకుంట ఊడ్సుకుంట నేర్సుకున్న. నాలుగు దినాలల్ల వచ్చినయ్. నువ్వు రావంటివి గదా, వచ్చినయ్."

"మరి నిన్న... మదతు అంటివి..."

"నీ దగ్గర రానట్టే చదివిన. ఇయ్యాల చెప్తదేమో, రేపు చెప్తదేమో అని చూసిన. నిన్న అమ్మగారి ముంగట గూడ అడిగిన. గప్పుడన్న చెప్తవనుకున్న." దువ్వెన కింద పెట్టింది. "మల్లా గదే చెప్తివి."

సిగ్గుతో నేల చూడాల్సిందాన్ని. అలా చూడలేదు. ఎక్కడ లేని ఉక్రోషం వచ్చింది. మూడు నెలలు నన్ను ఆడించిందా?

"నీ మొహం చూసి గట్ల చెప్పిన!" అన్నాను. "నువ్వు గప్పుడెట్ల ఉన్నవో నీకు తెల్వది. నిన్ను చూసుకుంట ఓర్చుకొమ్మని నేనెట్ల చదువుత?"

"నా మొహం చూసి చదువుతరానే ఎవరన్న? కార్డు చూసి చదవాలె. షాపుల గట్లనే చదువుతవా, మొహాలు చూసి?"

నేను టీ గ్లాసును గోడ వైపుకు జరిపాను.

"ఓర్చుకొమ్మని చెప్తే ఓర్చుకుందునే" అంది అమ్మ. "నాకు శాతనయ్యేది గదొక్కటే. పుట్టినప్పటిసంది గదే చేస్తాన. లేస్తడంటివి. లేస్తడని సూసుకుంట కూసున్న. తిప్పాలెనన్నరు, తిప్పలే. సూడాలెనన్నరు, సూడలే. పుండ్ల నొప్పితోని ఉన్న మనిషిని పట్టుకోని లెవ్వు లెవ్వు అన్న. ఆయిన ఓర్సుకునే కాడ నేను పక్కన లేకుంటైన, బిడ్డా."

చర్చి మైకులో పాట ఆగి, ఎవరో గొంతు సవరించుకుంటున్నారు.

"గా నాలుగు లైన్లు చదివినంక రెండు దినాలు ఏడ్సిన" అంది, కొంగుతో ముక్కు తుడుచుకుని. "నువ్వు షాపుకు పోయినంక. మూడో దినం పొద్దుగాల మల్లొకసారి చదివిన. ఒంటరిగ విడిసిపెట్ట అని ఉన్నది సూడు, గా లైను. మీ బాపు పోయినంక మస్తు మంది వచ్చిండ్రు, మస్తు చెప్పిండ్రు. గా మాట ఎవ్వలు చెప్పలే. నేనే చదువుకున్న. రోజు చదువుకుంట. గది పట్టుకొనే పనికి పోతాన, తింటాన, పంటాన. దేవుని మీది కోపం పోయింది. ఇగ ఎవరి మీద పెట్టుకోవాల్నో తెల్వక ఊకున్న."

అప్పుడే ఆగిపోవాల్సింది నేను. ఆమె కాళ్లు పట్టుకోవాల్సింది. కానీ నా తప్పును ఒక్కదాన్నే మోయలేక, ఇంకొకరి మీదికి కొంత జరపాలనిపించింది. ఎవరికీ ఎన్నడూ చెప్పని మాట నోట్లోంచి వచ్చేసింది.

"బాపుకు తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"కార్డుల ఏమున్నదో తెలుసు. ఫిబ్రవరిల ఒకనాడు నువ్వు బయట బట్టలు పిండుతానవ్. బాపు కార్డు అందియ్యమన్నడు. బస్తాల మీద పేర్లు చదివెటోడు గదా. పెదవులు కదుపుకుంట మస్తు సేపు చదివిండు. నన్ను చూసిండు. 'మీ అమ్మకు చెప్పకు బిడ్డా' అన్నడు. గంతే."

అమ్మ మొహంలో ఏదో లెక్క తిరగబడుతున్నట్టు కనిపించింది. ఫిబ్రవరి తర్వాత కూడా బాపు రోజూ పొద్దున కిటికీ ఊచలు పట్టుకున్నాడు. లేవనని తెలిసీ లేవడానికి చూశాడు. ఆమె చంకల కింద చేతులు పెడితే పళ్లు బిగబట్టి, "ఇయ్యాల జర నయమే ఏసమ్మా" అనేవాడు. ఆ మాటను ఆమె నాకు చెప్పి, భద్రమ్మ అత్తకు చెప్పి, నర్సుకు ఫోను చేయించి చెప్పేది.

"అమ్మా" అన్నాను.

ఆమె చెయ్యి ఎత్తింది, ఆగమన్నట్టు. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. బయట ఎవరో పిల్ల పరుగెత్తుకుంటూ పోతూ, "లేటైతాందే!" అని అరిచింది. టీ మీద మీగడ కట్టింది.

అమ్మ లేచింది. కుచ్చిళ్లు సర్దుకుంది. అద్దం వెనక చెయ్యి పెట్టి ఒక చిన్న పెట్టె తీసింది. తెరిచి చూసి మూసింది. కళ్లద్దాలు. నేను ఎన్నడూ చూడలేదు. ఎవరిచ్చారో, ఎప్పటి నుంచి ఉన్నాయో తెలియదు. ఈ మూడు నెలల్లో నాకు తెలియకుండా ఆమె ఇంకా ఏమేమి చదువుకుందో కూడా తెలియదు.

"నేను గూడ వస్త" అన్నాను. "ఒక్క నిమిషం, చీర మార్చుకుంట."

ఆమె కళ్లద్దాల పెట్టెను చేతిలో పట్టుకుని, నా పక్క నుంచి, నా భుజానికి తగలకుండా ఒదిగి గడప దాటింది. చెప్పులేసుకుంది. చర్చి ఉన్న వైపుకే తిరిగింది. నా కోసం ఆగకుండా వెళ్లిపోయింది.